పక్కా ఇల్లు ఎవరికి పక్కా?

2024 డిసెంబరు 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాదులో ఫ్యాన్లు ఊగాయి. విజయవాడలో జనం భయపడి బయటికి వచ్చారు. ఆ రోజంతా ఎక్కువగా వినిపించిన ప్రశ్న ఒకటే: హైదరాబాదుకు ప్రమాదం ఉందా? భూమి కదిలింది మాత్రం కోయగూడేలున్న చోట. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు స్నానాలు చేసి టిఫిన్‌కి వరుస కట్టే వేళ అది. ఆ పిల్లల నెత్తిమీద ఉన్న స్లాబు గట్టిదా కాదా అని అడిగిన గొంతులు ఎన్ని?

మన దగ్గర భూమి కదలడం అదే మొదటిసారి కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే అడగండి, కొందరికైనా గుర్తుంటుంది. ఈ రెండు భూకంపాలూ గోదావరి లోయవే. మన బొగ్గు గనులూ ఈ లోయవే. కోట్ల ఏళ్ల కిందట రెండు పెద్ద పగుళ్ల మధ్య భూమి కుంగింది. ఆ కుంగిన చోట ఇసుక, మట్టి, చెట్లు పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ చెట్లే ఇవాళ బొగ్గు. బొగ్గు కోసం ఈ లోయను అడుగడుగునా తవ్వి, కొలిచి, పటాలు గీసుకున్నారు. అదే లోయలో మన పిల్లలు పడుకునే గదుల కింద నేల ఎలాంటిదో కొలిచి చూసి, ఆ కాగితం మన చేతికి ఇచ్చారా? ఇదీ ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

మనల్ని కొలిచే మాట

సర్కారు మన ఇళ్లను రెండు మాటలతో కొలుస్తుంది. ఒకటి కచ్చా, రెండోది పక్కా. వెదురు తడిక, మట్టి గోడ, గడ్డి కప్పు ఉంటే కచ్చా. సిమెంటు, ఇటుక, స్లాబు ఉంటే పక్కా. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో కచ్చా గోడలు, కచ్చా కప్పు ఉన్న ఒంటిగది ఇల్లు పేదరికానికి మొదటి గుర్తు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో చెంచు, కొండరెడ్డి, కొలాం వంటి ఆదిమ తెగలకు దేశమంతటా కలిపి 4.90 లక్షల పక్కా ఇళ్లు, ఒక్కో ఇంటికి 2.39 లక్షల రూపాయలు అని లెక్క కట్టారు.

మంచి ఇల్లు మనకొద్దని ఎవరూ అనరు. వానకు కారని కప్పు, పాము దూరని గోడ ఎవరికి చేదు? నా తగువు ఆ మాటతో. పక్కా అన్న మాట విన్నాక మనం ఇంకేమీ అడగం. సర్కారూ ఇంకేమీ చెప్పదు. గోడలు లేచి, సున్నం పడి, గుమ్మం పక్కన పథకం పేరు రాస్తే పని అయిపోయినట్టే. భూకంపానికి ఈ మాటతో పని లేదు. అది ప్రతి ఇంటినీ మూడు ప్రశ్నలు అడుగుతుంది. నీ బరువెంత? నీ కట్టు ఎంత గట్టిది? నువ్వు నిలబడిన నేల ఎలాంటిది? కచ్చా, పక్కా అనే మాటలు ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పవు.

మొదటి ప్రశ్న: నీ బరువెంత?

బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు ఒక్కసారిగా బండి లాగిస్తే ఏమవుతుంది? కాళ్లు బస్సుతో పాటు ముందుకు పోతాయి, ఒళ్లు వెనక్కి పడుతుంది. భూకంపంలో ఇంటికి అయ్యేదీ అదే. పునాది నేలతో పాటు కదులుతుంది. కప్పు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. దీన్నే సైన్సు పుస్తకంలో జడత్వం అంటాం. మధ్యలో నలిగేది గోడ. అర సెకనులో నేల వెనక్కి తిరుగుతుంది, గోడ ఇటు నుంచి అటు నలుగుతుంది. పైన బరువు ఎంత ఎక్కువైతే గోడ మీద పడే తోపుడు అంత ఎక్కువ.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద అయిదంగుళాల స్లాబు వేస్తే దాని బరువు దాదాపు మూడు టన్నులు. స్లాబు చెడ్డదని కాదు. గోడలకు సరిగ్గా కట్టి ఉంటే అది నాలుగు గోడలనూ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. కానీ సిమెంటు తక్కువ కలిపిన, మూలలు కలవని గోడల మీద ఊరికే పెట్టిన మూడు టన్నులు ఏం చేస్తాయో టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చింది. తీవ్రత 6.2. దాదాపు పదివేల మంది నిద్రలోనే పోయారు. ఆ ఇళ్లకు రెండడుగులకు మించిన మందాన రాతి గోడలు, రాళ్ల మధ్య బంకమన్ను, పైన మందంగా పరిచిన మట్టి కప్పు. చూడటానికి కోటల్లా ఉండేవి. ఆ బరువే మనుషుల మీద పడింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. పాతదీ మట్టిదీ అయినంత మాత్రాన ఇల్లు క్షేమం కాదు. కాబట్టి మన తాతల ఇల్లు చాలు అని రొమ్ము విరుచుకోవద్దు. గోడ మందంగా, కప్పు బరువుగా ఉంటే అది మట్టిదైనా చంపుతుంది, సిమెంటుదైనా చంపుతుంది. రెండో పాఠం, తేలికైనదాన్ని తక్కువది అనొద్దు.

1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన మహా భూకంపంలో షిల్లాంగ్‌లో తెల్లదొరలు కట్టుకున్న రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత అక్కడ ఇల్లు కట్టే తీరే మారింది. చెక్క చట్రం, మధ్యలో రెల్లు తడిక, దాని మీద పూత, పైన తేలికైన రేకు. ఇవాళ్టికీ దాన్ని అస్సాం రకం ఇల్లు అంటారు. కొండ మీది జనానికి తడికా పూతా కొత్త కాదు. రాళ్లు కూలాకే దొరలు ఆ దారికి వచ్చారు. మన గూడేల్లో నాలుగు వైపులా రాటలు పాతి, వెదురు తడిక అల్లి, మట్టి మెత్తి, తాటాకో గడ్డో కప్పే పద్ధతికి అది దగ్గరి చుట్టం. అక్కడ దానికి ఒక పేరు, గౌరవం వచ్చాయి. ఇక్కడ దానికి వచ్చిన పేరు కచ్చా.

రెండో ప్రశ్న: నీ కట్టు ఎంత గట్టిది?

పెళ్లి పందిరి గాలికి ఎందుకు నిలుస్తుంది? ప్రతి రాటా ఇంకో రాటకు తాడుతో కట్టి ఉంటుంది గనుక. భూకంపం ముందు ఇల్లు కూడా పందిరే. నాలుగు గోడలు చేతులు పట్టుకుని ఉంటే నిలుస్తాయి, విడివిడిగా ఉంటే ఒక్కొక్కటే పడతాయి.

నేల ఊగే దిక్కులో నిలువునా ఉన్న గోడ కాస్త ఓర్చుకుంటుంది. దాని మీద మూల నుంచి మూలకు ఏటవాలు పగుళ్లు వస్తాయి. నేల అటూ ఇటూ ఊగుతుంది గనుక రెండు వైపుల నుంచీ వచ్చి గుణకారం గుర్తులా కలుస్తాయి. ఊగే దిక్కుకు అడ్డంగా ఉన్న గోడకు ఆ ఓర్పు ఉండదు. నిలబెట్టిన పలకను తోసినట్టు బయటికి పడిపోతుంది. అది పడకుండా ఆపేది పక్క గోడే. పక్క గోడతో కలిసే మూలలో ఇటుకలు ఒకదానిలోకి ఒకటి పెనవేసుకోకుండా, నిలువు గీతలా రెండు గోడలూ ఊరికే ఆనుకుని ఉంటే ఆ మూల ముందు విచ్చుకుంటుంది. తర్వాత గోడ, ఆ తర్వాత స్లాబు.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. బేస్‌మెంటు మీద ఒకటి, తలుపులు, కిటికీల పైన లింటెల్ ఎత్తులో ఒకటి, వాలు కప్పు అయితే కప్పు కింద ఇంకొకటి, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా కాంక్రీటు పట్టీ వేయాలి. అందులో కనీసం రెండు ఇనుప ఊచలు ఉండాలి. మూలల్లో నిలువుగా ఒక్కో ఊచ. తలుపు, కిటికీ మూలకు అంటుకుని కాకుండా రెండడుగులైనా దూరంగా ఉండాలి. ఇవన్నీ భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 4326లో రాసిపెట్టింది. మట్టి ఇళ్లకు ఐఎస్ 13827, రాయి, మట్టి అడుసు వంటి బలం తక్కువ గోడలకు ఐఎస్ 13828 ఉన్నాయి. అంటే ఈ దేశపు ఇంజనీర్లు మట్టి ఇంటిని కూడా గట్టిపరచవచ్చని 1993లోనే కాగితం మీద ఒప్పుకున్నారు. ఆ కాగితం గూడెం దాకా రాలేదు. వచ్చిన మాట కచ్చా ఒక్కటే.

చాలా ఇళ్లలో లింటెల్ తలుపు మీద మాత్రమే ఉంటుంది. తలుపు మీద ముక్క, కిటికీ మీద ముక్క. ముక్కలు బరువు మోస్తాయి, గోడల్ని కట్టవు. నడుముకు చుట్టిన మొలతాడుకీ, నడుము మీద పెట్టిన తాడు ముక్కకీ ఎంత తేడానో దీనికీ అంత తేడా.

పిల్లర్లతో లేచే హాస్టళ్ల సంగతి ఇంకొంచెం చూడాలి. పిల్లరులో నిలువు ఊచల చుట్టూ వేసే రింగులే దాని ప్రాణం. పిల్లరు దూలాన్ని కలిసే చోట, పైనా కిందా, ఆ రింగులు దగ్గరగా, నాలుగంగుళాలకు మించకుండా ఉండాలి. రింగు కొసలు లోపలి కాంక్రీటులోకి 135 డిగ్రీలు వంగాలి. 90 డిగ్రీలే వంచితే ఊపుకు రింగు విచ్చుకుంటుంది. లోపలి కంకర రాలిపోతుంది, నిలువు ఊచలు విల్లులా వంగుతాయి, పైఅంతస్తు కింది అంతస్తు మీద కూర్చుంటుంది. కాంక్రీటు పోశాక ఈ తేడా ఎవరి కంటికీ కనిపించదు. మేస్త్రీకి, ఇంజనీరుకి, కాంట్రాక్టరుకి మాత్రమే తెలుస్తుంది. పడుకునే పిల్లకు తెలియదు.

బడి వరండాలో ఇంకో చిక్కు ఉంది. రెండు పిల్లర్ల మధ్య నడుము ఎత్తు గోడ కట్టి, పైన వెలుతురు కోసం ఖాళీ వదులుతారు. ఆ గోడ పిల్లరు కింది సగాన్ని గట్టిగా పట్టేస్తుంది. ఊగే పనంతా పై సగం మీద పడుతుంది. పొడవాటి వెదురు వంగుతుంది, అదే వెదురును జానెడు ముక్క చేసి వంచబోతే పుటుక్కున విరుగుతుంది. భూకంపాల్లో బడి పిల్లర్లు అలా విరగడం ఎన్నో దేశాల్లో చూశారు. గోడకీ పిల్లరుకీ మధ్య కొద్దిపాటి సందు వదిలితే ఈ ముప్పు తగ్గుతుంది. ఆ సందుకు ఖర్చెంత?

మూడో ప్రశ్న: నీ కింద నేల ఎలాంటిది?

గోదావరి ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి కాళ్లతో అదిమి అదిమి తొక్కి చూడండి. గట్టిగా ఉన్న ఇసుక మెత్తబడుతుంది, నీళ్లు పైకి వస్తాయి, పాదం దిగుతుంది. బలమైన భూకంపం ఎక్కువసేపు ఊపితే నీటితో నిండిన వదులు ఇసుక నేలలకు అలాగే అవుతుంది. రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకోవడం మానేస్తాయి, బరువంతా నీటి మీద పడుతుంది, నేల కాసేపు బురద జావలా ప్రవర్తిస్తుంది. 1964లో జపానులోని నీగాటా పట్టణంలో అపార్టుమెంట్లు విరగకుండా, గోడలు కూడా పెద్దగా పగలకుండా, ఉన్నవి ఉన్నట్టు పక్కకు ఒరిగి పడుకున్నాయి. ఇల్లు గట్టిదే, నేల కాదు.

మెత్తని నేల ఇంకో పని కూడా చేస్తుంది. ఊపును పెంచుతుంది. పళ్లెంలో రాయి పెట్టి పళ్లాన్ని కదిపితే రాయి పళ్లెంతో పాటే కదులుతుంది. అదే పళ్లెంలో జావ పోసి కదిపితే జావ పొంగి అంచులు దాటుతుంది. 1985 సెప్టెంబరులో మెక్సికో తీరంలో వచ్చిన భూకంపం 350 కిలోమీటర్ల పైగా దూరంలో ఉన్న మెక్సికో నగరాన్ని కూల్చింది. ఆ నగరంలో పెద్ద భాగం పాత చెరువు అడుగున పేరుకున్న మెత్తని బంకమట్టి మీద ఉంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్‌లో వచ్చిన భూకంపానికి రెండు వందల కిలోమీటర్ల అవతల, సబర్మతి ఒండ్రు మీద ఉన్న అహ్మదాబాదులో పిల్లర్ల మీద లేచిన అపార్టుమెంట్లు కూలాయి.

ఇప్పుడు మన కాలనీలు, హాస్టళ్లు ఎక్కడ లేస్తున్నాయో చూడండి. మంచి నేల పంటకు పోయాక, రోడ్డు పక్క విలువైన నేల ఇంకెవరికో పోయాక మిగిలిందే మనకు. వాగు ఒడ్డు, చెరువు శిఖం, గుట్ట వాలు. గుట్ట వాలును జేసీబీతో సగం తవ్వి, ఆ మట్టిని మిగతా సగంలో పోసి చదును చేస్తారు. అలా చేసిన చదునులో ఇల్లు సగం గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలబడుతుంది. పోసిన మట్టిని పొరలు పొరలుగా తడిపి, రోలరుతో తొక్కించకపోతే అది వానకే కుంగుతుంది. భూమి కదిలితే ఒకవైపు కుంగి, ఒకవైపు నిలిచి, గోడ మధ్యలో చీలుతుంది. నల్లరేగడి అయితే భూకంపం దాకా ఆగక్కర్లేదు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి ఏటా గోడను చీలుస్తూనే ఉంటుంది. ఆ చీలిక మీద సున్నం వేస్తే కళ్లకు కనిపించదు అంతే. భూమి కదిలిన రోజు గోడ విడిపోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

పోలవరం ముంపు కింద లేచిపోతున్న కోయ, కొండరెడ్డి కుటుంబాలకు కాలనీ ఇల్లు అంటే ఒక తరం మొత్తానికి ఇచ్చే బదులు. నది ఒడ్డున ఎక్కడ ఇల్లు వేయొచ్చో, ఎక్కడ వేయకూడదో వాళ్ల పెద్దలకు తెలుసు. ఏ మిట్ట వరదకు మునగదో, ఏ పల్లంలో రాట దిగబడుతుందో తెలుసు. ఆ తెలివిని పాత ఊరితోనే ముంచేసి, కొత్త చోట నేల పరీక్ష కాగితం కూడా చూపకుండా తాళంచెవి ఇస్తే, అది బదులు ఎలా అవుతుంది?

రెండు శనివారాలు

2005 అక్టోబరు 8, శనివారం. పాకిస్తాన్ ఏలుబడిలోని కశ్మీర్‌లో ఉదయం 8 గంటల 50 నిమిషాలకు 7.6 తీవ్రతతో భూమి కదిలింది. అక్కడ శనివారం బడి ఉంది. పిల్లలు తరగతుల్లో కూర్చుని ఉన్నారు. బరువైన స్లాబులు, బలం లేని గోడలు. వేలాది మంది పిల్లలు బడి గదుల్లోనే చనిపోయారు. అదే కొండల్లో చెక్క చట్రంలో చిన్న చిన్న గడులు చేసి రాయీ మట్టీ నింపే ధజ్జీ అనే పాత పద్ధతి ఇళ్లు చాలా మెరుగ్గా నిలిచాయి. అంతకుముందు దాన్ని పాతచింతకాయ పచ్చడి అన్నవాళ్లే, తర్వాత ఇళ్లు మళ్లీ కట్టేటప్పుడు ఆ పద్ధతిని ఆమోదించి, దానికి డబ్బు ఇచ్చారు.

2015 ఏప్రిల్ 25. అదీ శనివారమే. మధ్యాహ్నం కావస్తుండగా నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం. దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. వేలాది తరగతి గదులు కూలాయి. అవి ఖాళీగా ఉన్నాయి. నేపాల్‌లో శనివారం సెలవు. అక్కడి పిల్లల్ని బడి కట్టడం కాపాడలేదు, క్యాలెండరు కాపాడింది.

టీచర్లారా, ఈ రెండు శనివారాల మధ్య మన ఆశ్రమ పాఠశాలను పెట్టి చూడండి. పగలు బడి అయితే ఆరు గంటలో ఏడు గంటలో. మన పిల్లలు తినేదీ, చదివేదీ, పడుకునేదీ అక్కడే. శనివారం, ఆదివారం, అర్ధరాత్రి అన్న తేడా లేదు. భూకంపం ఏ వేళ వచ్చినా వాళ్లు ఆ కప్పు కిందే ఉంటారు. పల్లపు ఊళ్ల పిల్లలను కాపాడే సెలవు మన పిల్లలకు లేదు. అందుకే ఆశ్రమ పాఠశాల కట్టడం మామూలు బడి కన్నా గట్టిగా ఉండాలి. కనీసం దానితో సమానంగా అయినా ఉందని ఎవరైనా కాగితం చూపగలరా?

రాత్రిపూట గ్రిల్ గేటుకు తాళం సంగతి కూడా చెప్పాలి. ఆడపిల్లల రక్షణ కోసం తాళం వేస్తాం. తాళంచెవి ఎక్కడో గదిలో, ఒక్కరి దగ్గర. కిటికీలకు తీయడానికి వీల్లేని ఊచలు. భూమి కదిలితే, మంట లేస్తే వందమంది పిల్లలు ఆ గేటు దగ్గర ఏమవుతారు? 2004 జులైలో తమిళనాడులోని కుంభకోణంలో బడికి నిప్పంటుకుని తొంభై మందికి పైగా చిన్నపిల్లలు కాలిపోయారు. గడ్డి కప్పు తేలికే కానీ నిప్పుకు లోకువ అని కూడా ఆ ఘటన చెబుతుంది. దాని మీద 2009లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చదువు హక్కు అంటే క్షేమమైన బడిలో చదివే హక్కు అని, బడి కట్టడాలు జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఉండాలని చెప్పింది. అది మనకు దయతో ఇచ్చేది కాదు, హక్కు.

చెప్పే సాకులు

మొదటి సాకు: ఇక్కడ పెద్ద భూకంపాలు రావు. కిల్లారి గురించీ అదే అన్నారు. 1993 దాకా అది దేశపు భూకంప పటంలో అన్నిటికన్నా క్షేమమైన మొదటి జోన్‌లో ఉంది. పదివేల ప్రాణాలు పోయాక, 2002లో పటం మార్చి మొదటి జోన్ అన్న పేరునే తీసేశారు. భద్రాచలం ప్రాంతం అంతకన్నా ఎక్కువ ముప్పున్న మూడో జోన్. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. 5.3కి గోడలు నిలిచాయి కాబట్టి 6.3కీ నిలుస్తాయనడం, మోకాలిలోతు వాగు దాటాను కాబట్టి వరద గోదావరీ ఈదుతాననడం లాంటిది. ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పగల శాస్త్రం ఇంకా లేదు. రాదని చెప్పగల శాస్త్రమూ లేదు.

రెండో సాకు: ఖర్చు. ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ, రెండు ఊచలు, మూలల్లో నాలుగు ఊచలు, నాలుగు రింగులు ఎక్కువ. మొత్తం ఇంటి ఖర్చులో ఇది చిన్న భాగం. రింగు కొసను 90 బదులు 135 డిగ్రీలు వంచడానికి కావలసింది కాస్త ఎక్కువ ఊచ, మేస్త్రీకి తెలివిడి, పైవాడికి పట్టింపు.

మూడో సాకు మనల్ని నోరు మూయించేది: అయితే గుడిసెల్లోకి తిరిగి పోతారా? ఇది దొంగ ప్రశ్న. మేం అడిగేది గుడిసె కాదు, సిమెంటూ కాదు. కట్టు ఉన్న ఇల్లు అడుగుతున్నాం. తేలికైన వెదురు ఇంటికి చెదలు పట్టిన రాట మారిస్తే, రాటకు కింద రాతి దిమ్మె వేస్తే, దూలానికీ రాటకూ మధ్య ఇనుప పట్టీ బిగిస్తే అదీ నిలుస్తుంది. స్లాబు ఇంటికి పట్టీలు, రింగులు సరిగ్గా పడితే అదీ నిలుస్తుంది. ఏది కట్టినా భూకంపం అడిగే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి కట్టండి అంటున్నాం.

చేతిలో ఉన్న పని

కోపం ఒక్కటే చాలదు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల చేతిలో పని ఉంది.

పీసా చట్టం 1996లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో దానికి నియమాలు వచ్చాయి. గ్రామ పంచాయతీ చేపట్టే అభివృద్ధి పనులను మొదలుపెట్టే ముందు గ్రామసభ ఆమోదించాలి. డబ్బు సరిగ్గా ఖర్చయిందని గ్రామసభ ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ ధ్రువీకరణ మీద వేలిముద్ర వేసే ముందు సభలో నిలబడి అడగండి: లింటెల్ పట్టీ చుట్టూ పడిందా? పోసిన మట్టిని తొక్కించారా? జవాబు రాకపోతే సంతకం ఆపండి.

హాస్టలు భవనం పంచాయతీ పని కాకపోతే సమాచార హక్కు చట్టం 2005 ఉంది. నకళ్లు అడగడంతో ఆ చట్టం ఆగదు. జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. నేల పరీక్ష నివేదిక, భవనం డ్రాయింగు, ఏ జోన్ లెక్కన డిజైన్ చేశారన్న కాగితం అడగండి. కాంక్రీటు పోయకముందు రింగుల ఫొటోలు తీసి పెట్టుకోండి.

టీచర్లు ఇంజనీర్లు కానక్కర్లేదు. గోడ మీద గుణకారం గుర్తులా, మెట్లలా పోయే పగుళ్లు ఉన్నాయా? రెండు గోడలు కలిసే మూల విచ్చుకుందా? పిల్లరు కింద తుప్పు మరక, ఊడిన పెచ్చు ఉందా? స్లాబు మీద ఊగే పిట్టగోడ, నిండు నీళ్ల ట్యాంకు పిల్లలు పరిగెత్తే దారి మీదే ఉన్నాయా? పిల్లలు పడుకునే చోట తల పక్కన బీరువా నిలబెట్టి ఉందా? వీటిని పెన్నుతో రాసి, తేదీ వేసి, ఫొటో తీసి, పైకి పంపి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇప్పటికే కట్టిన గోడలను బలపరచడానికి ఐఎస్ 13935 ఉంది. ఇనుప జాలీ బిగించి సిమెంటు పూసి బయట నుంచి పట్టీ వేయొచ్చని అందులో ఉంది. కూల్చి కట్టేదాకా ఏమీ చేయలేం అనే మాట నిజం కాదు. గేటు తాళంచెవి రెండోది పిల్లల్లో పెద్దవాళ్లకు అందేచోట పెట్టడానికి ఏ జీవో అక్కర్లేదు.

మన కుర్రాళ్లు చాలామంది మేస్త్రీ పనికి, సెంట్రింగ్ పనికి పట్నాలకు పోతున్నారు. వాళ్లే మన ఇంజనీర్లు. రింగు వంచే ఆ చేతులకు రింగు ఎందుకు వంచుతున్నారో చెప్పండి. కాంట్రాక్టరు రింగుల మధ్య దూరం పెంచమంటే, ఇది నా చెల్లెలు పడుకునే హాస్టలు అని చెప్పగల మేస్త్రీ ఒక్కడుంటే, ఆ పిల్లర్లలో రింగులు ఉండాల్సిన చోట ఉంటాయి.

ఇక మీద ఎవరైనా మన ఇంటిని చూసి కచ్చా అంటే తలదించుకోవద్దు. మన హాస్టలును చూపి పక్కా అంటే చప్పట్లు కొట్టొద్దు. బరువెంత, కట్టు ఏది, నేల ఎలాంటిది అని అడగండి. ఆ మూడు జవాబులు కాగితం మీద, సంతకంతో, ముందు ఆశ్రమ పాఠశాలల నుంచి రావాలి.